నీటి కింద దాగిన పని

ఈ ఏటి సంచికకు తెలుగు విభాగం తరఫున ఏదైనా రాయవలసిందని సంపాదక విద్యార్థులు నన్ను కోరినప్పుడు వారు ఆశించినది బహుశా ప్రబంధ నాయికల మీదనో, భావకవిత్వం మీదనో ఒక వ్యాసం. నేను ఎంచుకొన్న విషయం వినగానే వారిలో ఒకరు ముఖం చిట్లించారు, మరొకరు నవ్వు ఆపుకొన్నారు. రేడియో సంకేతాలతో నడిచే నమూనా పడవకు వెనుక, నీటి అడుగున తిరిగే ప్రొపెల్లరు. దాని రెక్కలను ఆకురాయితోను, గరుకు కాగితంతోను నునుపు చేసే పని. ఇదీ నా విషయం. తెలుగు ఎం.ఏ. చదివినవాడికి ఈ ఇత్తడి గొడవ ఎందుకని పాఠకులు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఈ వ్యవహారంలో నేను చేసిన పొరపాటు ఒకటి ఉన్నది. దానిని ఒప్పుకొనడానికి మన కళాశాల పత్రిక కంటె తగిన చోటు నాకు కనిపించలేదు.

రెండేళ్ళ క్రితం విజ్ఞాన ప్రదర్శన కోసం మన విద్యార్థులు నలుగురు ఒక పడవ తయారు చేశారు. థర్మోకోలును కోసి, దానిపై ఫైబరు గుడ్డను అంటించి, మూడు పూతల రంగు వేశారు. తెల్లని మేను, ఎర్రని గీత, ముందు భాగాన ఉర్దూలోను తెలుగులోను పేరు. మంజీర అని పెట్టారు. మన ప్రాంతం గుండా పోయి సింగూరు జలాశయంలో చేరే నది పేరది. చూడముచ్చటగా ఉన్నది. ప్రొపెల్లరు మాత్రం హైదరాబాదు బజారులో కొన్న రెండు రెక్కల ఇత్తడి పోత. వెడల్పు నాలుగు సెంటీమీటర్లు. పోత పోసినప్పుడు అచ్చు సందుల్లోంచి కారి గట్టిపడిన లోహపు అంచులు దానికి అట్లాగే అంటుకొని ఉన్నవి. ఒళ్ళంతా ఇసుక గరుకు. నీటిలో మునిగి ఉండేదే కదా, ఎవరు చూస్తారు అని దానిని ఉన్నది ఉన్నట్లు బిగించారు.

చెరువులో వదిలినప్పుడు పడవ కదిలిన మాట నిజమే. కాని దాని నడకలో ఒక వణుకు, దాని గొంతులో ఒక కీచు ధ్వని. పది నిమిషాలకే ఇరుసు వెళ్ళే గొట్టం దగ్గర నీరు లోపలికి రావడం మొదలైనది. గట్టు మీద నిలబడి చూస్తున్న మరొక విద్యార్థి, ఆ జట్టులో లేనివాడు, మెల్లగా నా దగ్గరికి వచ్చి "సార్, ఆ పంకా ఒక్క రాత్రి నాకు ఇప్పిస్తారా?" అని అడిగినాడు. ఎందుకని నేను అడుగలేదు. అడిగి ఉంటే బహుశా అతడు చెప్పేవాడు కాడు. చేరిక దరఖాస్తులో తండ్రి వృత్తి అన్న చోట "వ్యాపారం" అని రాసిన పిల్లవాడతడు. అతని తండ్రి ఊరూరా తిరిగి రాగి ఇత్తడి పాత్రలకు కళాయి వేసే మనిషి అని నాకు తరువాత తెలిసినది. తాతగారు బీదరులో ఒక బిద్రీ కార్ఖానాలో ఆకురాయి పట్టినవారు.

మర్నాటి సాయంకాలం నేను వారింటికి వెళ్ళవలసి వచ్చినది. ప్రొపెల్లరు పోతే నలుగురు పిల్లలకు నేను జవాబు చెప్పుకోవాలి గదా! ఆ పెద్దమనిషి వాకిట్లో నేలమీద కూర్చొని ఉన్నారు. రెండు పాత కత్తులను అంచులు పైకి వచ్చేట్టు, ఒకే మట్టంలో, ఒక చెక్కకు బిగించారు. ప్రొపెల్లరు బొడ్డులో ఇరుసు ముక్కను గుచ్చి, ఆ ఇరుసును కత్తుల అంచుల మీద పెట్టి వదిలారు. ఒక రెక్క నెమ్మదిగా కిందికి దిగి నిలిచిపోయినది. తిప్పి మళ్ళీ వదిలారు. మళ్ళీ అదే రెక్క కిందికి వచ్చినది. "దోనో పంఖ్ బరాబర్ నై సాబ్" అన్నారు. అదే మొత్తం రోగ నిర్ణయం.

ఆ మాటలో ఎంత శాస్త్రమున్నదో మన భౌతికశాస్త్ర విభాగం మిత్రులు కాగితం మీద లెక్క వేసి చూపించిన తరువాతగాని నాకు బోధపడలేదు. నాలుగు సెంటీమీటర్ల ప్రొపెల్లరును బలమైన మోటారు నిమిషానికి 12,000 చుట్లు తిప్పుతున్నదనుకొందాం. రెక్క కొన సెకనుకు 25 మీటర్ల వేగంతో, అంటే గంటకు 90 కిలోమీటర్ల వేగంతో నీటిని కోస్తుంది. ఒక రెక్క రెండవదాని కంటె అర గ్రాము బరువెక్కి, ఆ అదనపు బరువు కేంద్రం నుండి ఒక సెంటీమీటరు దూరాన ఉన్నదనుకొంటే, అది ఇరుసును సుమారు 800 గ్రాముల బరువుతో సమానమైన బలంతో పక్కకు లాగుతుంది. అదీ ఒక దిక్కుకు కాదు. సెకనుకు 200 సార్లు దిక్కు మార్చుకొంటూ లాగుతుంది. మా పిల్లల మోటారు అంత బలమైనది కాదు. వేగం సగమే అనుకొన్నా ఆ లాగు నాలుగవ వంతుకు, అంటే 200 గ్రాములకు తగ్గుతుంది తప్ప పోదు. అర గ్రాము ఇత్తడి ఎంత! చిటికెడు పొడి. ఆ చిటికెడు పొడే ఇరుసు గొట్టాన్ని అరగదీసి పడవలోకి నీరు తెచ్చినది.

కాబట్టి నునుపు చేయడమంటే మెరుగు పెట్టడమే అనుకొనడం మొదటి పొరపాటు. ఆ పనికి ఒక వరుస ఉన్నది. పోతకు అంటుకొన్న పనికిరాని అంచులను ముందు తీసివేయాలి. పిదప రెండు రెక్కలూ ఒకే ఆకారంలో ఉన్నవో లేవో చూడాలి. ఇందుకు ఆయన మందపాటి కాగితాన్ని ఒక రెక్క ఆకారానికి కత్తిరించి రెండవ రెక్క మీద పెట్టి చూశారు. ఆ తరువాత తూకం. తూకం కుదిరిన తరువాతనే నునుపు. మెరుపు అన్నిటికంటె చివరిది, అది లేకపోయినా పడవ నడుస్తుంది. తూకం కోసం బరువైన రెక్కను ఎక్కడ రాయాలన్న దగ్గర తండ్రి ఆగిపోయినారు. అక్కడ కొడుకు మాట చెల్లినది. రెక్కకు ఉన్న రెండు ముఖాలలో వెనుక వైపు చూసేది నీటిని తోసే ముఖమనీ, దాని వంపు చెడితే తోపుడు చెడుతుందనీ, కనుక రాయవలసినది ముందు వైపు చూసే ముఖాన్నేననీ అతడు పుస్తకంలో చదివిన సంగతి చెప్పినాడు. తండ్రి ఒక్క క్షణం కొడుకు వంక చూసి, రెక్కను తిప్పి పట్టుకొన్నారు. ఆ చూపును నేను మరువలేదు.

ఇక నునుపు సంగతి. నీటిలో తడిపి రుద్దే కాగితాలను మన పనివారు వాటర్ పేపర్ అంటారు. వాటికి నంబర్లు ఉంటవి. 220తో మొదలుపెట్టి 400, 600, 1000 వరకు పోవాలి. ఒక నంబరుతో రుద్దిన దిక్కుకు అడ్డంగా తరువాతి నంబరుతో రుద్దాలి. అప్పుడే పాత గీతలన్నీ పోయినవో లేదో కంటికి తెలుస్తుంది. తొందరపడి ఒక నంబరు దాటవేసినవాడికి ఆ గీతలు చివర దాకా మిగిలి ఉంటవి. కాగితాన్ని వేలితోనే ఒత్తితే లోహం గుంటలు పడుతుంది. రెక్క వంపుకు సరిపోయే చిన్న చెక్క ముక్కకో, రబ్బరు ముక్కకో చుట్టి రుద్దాలి. ప్రతి విడత తరువాత ఆయన కళ్ళు మూసుకొని బొటనవేలి గోటిని రెక్క మీద మెల్లగా లాగి చూసేవారు. కంటికి కనిపించని గరుకు గోటికి తెలుస్తుందని ఆయన నమ్మకం.

ఇది నాటు పద్ధతి అని నవ్వేవారుంటే వారికి ఒక సంగతి మనవి చేస్తాను. సముద్రాలలో తిరిగే పెద్ద ఓడల ప్రొపెల్లర్లకు నాచు, గవ్వపురుగులు పట్టినప్పుడు గజ ఈతగాళ్ళు నీటిలో దిగి శుభ్రం చేస్తారు. నునుపు సరిగా వచ్చినదా అని తేల్చడానికి వారి దగ్గర రూబర్ట్ తులనా ఫలకం అనే సాధనం ఉంటుంది. అందులో ఎ నుండి ఎఫ్ వరకు ఆరు నమూనా ఉపరితలాలు, మిక్కిలి నునుపైన దాని నుండి మిక్కిలి గరుకైన దాని వరకు. రెక్కను, ఫలకాన్ని కంటితోను వేలితోను పోల్చి అక్షరం చెబుతారు. పెద్ద ప్రొపెల్లర్ల తయారీకి సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం కూడ ఉన్నది. దాని ప్రకారం అత్యుత్తమ శ్రేణి రెక్క మీద సగటు గరుకుతనం 3 మైక్రాన్లు దాటరాదు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మనిషి కంటె ఎత్తయిన కంచు రెక్క మీద ఆ కొలత పాటించవలసి రావడం ఊహించండి. గరుకు రెక్క నీటితో పెనుగులాడి ఇంధనం తింటుంది. ఓడ యజమాని అందుకే ఈతగాడికి డబ్బు ఇస్తాడు, అందం కోసం కాదు.

గరుకుతనం చేసే కీడు మరొకటి ఉన్నది. రెక్క నీటిని అతి వేగంగా కోసినప్పుడు దాని ఒక ముఖం మీద పీడనం ఎంతగా పడిపోతుందంటే, చల్లని నీరే అక్కడ మరిగి ఆవిరి బుడగలవుతుంది. పీడనం పెరిగితే నీరు ఆలస్యంగా మరుగుతుందని ప్రెషర్ కుక్కరు ఎరిగిన ఇల్లాలికి తెలుసు. ఇది దానికి తలకిందులు. ఆ బుడగలు మళ్ళీ పీడనం ఎక్కువ ఉన్న చోటికి రాగానే ఠపీమని పగిలి లోహాన్ని చిన్న చిన్న సుత్తులతో కొట్టినట్లు కొరుకుతవి. అంచులోని గాటు, పోతలోని గుంట, ఇటువంటి లోపాల దగ్గర ఈ బుడగలు ముందుగా పుడతవి. ఇంగ్లండులో చార్లెస్ పార్సన్స్ 1894లో టర్బీనియా అనే ఆవిరి ఓడను నీటిలో దించినప్పుడు, యంత్రం ఎంత బలమైనదైనా ఓడ అనుకొన్న వేగం అందుకోలేదు. కారణం ఈ బుడగలే. ఆయన 1895లో ఒక చిన్న నీటి పెట్టె కట్టి, అందులో రెండంగుళాల నమూనా ప్రొపెల్లరును తిప్పి బుడగలను కంటితో చూశారు. ఆ తరువాత మూడు ఇరుసులు, ఒక్కొక్క ఇరుసుకు మూడేసి ప్రొపెల్లర్లు అమర్చారు. 1897లో అదే ఓడ 34 నాట్లకు పైగా పరుగెత్తి బ్రిటిష్ నౌకాదళాన్ని ఆశ్చర్యపరచినది. రెండంగుళాలంటే అయిదు సెంటీమీటర్లు. మా పిల్లల చేతిలోనిది నాలుగు సెంటీమీటర్లు. నమూనా ప్రొపెల్లరు బొమ్మ వస్తువు అనేవారు ఈ రెండు కొలతలను పక్కపక్కన పెట్టుకొని చూడవలె. మరుసటి ఏడు, అంటే 1898లో, నికోలా టెస్లా న్యూయార్కులో ఒక నీటి తొట్టిలో తీగ లేకుండ రేడియో తరంగాలతో చిన్న పడవను నడిపి చూపినారు. నేడు పిల్లలు మీట నొక్కి ఆడుకొనే పడవలన్నిటికీ అది పెద్దక్క.

మన రాష్ట్రాల్లో ఈ విద్యకు సముద్రపు ఒడ్డున చోటున్నది. విశాఖపట్నంలో 1948 మార్చిలో నెహ్రూగారు జలఉష అనే ఓడను నీటిలోకి దించిన కార్ఖానాయే నేటి హిందూస్థాన్ షిప్‌యార్డు. అదే నగరంలో రక్షణ పరిశోధన సంస్థ వారి నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల 1969 నుండి పని చేస్తున్నది. అక్కడ అర కిలోమీటరు పొడవైన నీటి కాలువలో ఓడల నమూనాలను లాగి పరీక్షిస్తారు. దేశపు యుద్ధనౌకల భవిష్యత్తు ముందుగా నమూనాలలోనే తేలుతుంది. ఎన్.సి.సి. నౌకా విభాగంలో ఓడ నమూనాల తయారీ ఒక పోటీ అంశం. నారాయణఖేడ్ పిల్లవాడికి సముద్రం దూరమే. ఆకురాయి మాత్రం దూరం కాదు.

ఎందుకు దూరం కాదంటే, మనకు పొరుగున బీదరు ఉన్నది. పొరుగున అనడం కూడ పూర్తి నిజం కాదు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు నారాయణఖేడ్ బీదరు జిల్లాలోని తాలూకాయే. గీత మారినది గాని చేతులు మారలేదు. బిద్రీ పనిని కొందరు నల్ల లోహం మీద వెండి పువ్వులుగా మాత్రమే ఎరుగుదురు. నిజానికి అది మొదటి నుండి చివరి దాకా ఉపరితలపు విద్య. యశదం పాలు ఎక్కువగా, రాగి పాలు స్వల్పంగా కలిపి ఇసుక అచ్చులో పోత పోస్తారు. ఆకురాయితో గరుకు తీస్తారు. మైలుతుత్తం పూసి తాత్కాలికంగా నల్లబరచి, దాని మీద బొమ్మ గీసి ఉలితో చెక్కుతారు. ఆ గాళ్ళలో వెండి తీగను, రేకును కొట్టి దించుతారు. అప్పుడు మళ్ళీ ఆకురాయి వస్తుంది. వెండీ, లోహమూ వేలికి ఒకే నేలగా తోచే వరకు రాయాలి. ఒక్క పట్టు ఎక్కువైతే వెండి పలచబడి పోతుంది, తక్కువైతే అంచు తగులుతుంది. చివర కోట మట్టిని, నవసాగరాన్ని కలిపి వేడి మీద పూస్తే లోహం శాశ్వతంగా నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉండిపోతుంది. ఉర్దూలో నౌసాదర్ అనే ఆ నవసాగరం కళాయి వేసే వారి మూటలోను ఉంటుంది. తాత చేతిలోని ఉప్పు మనుమడి ఇంటి దాకా వచ్చినదన్న మాట. ఎక్కడ ఆగాలో తెలిసిన ఆ చేతికే ప్రొపెల్లరు రెక్క లొంగినది.

ఆగడం గురించి ఒక మాట. మన విద్యార్థులు అంతకు ముందు మరొక ప్రొపెల్లరును నగరంలో ఒక బఫింగు దుకాణంలో ఇచ్చి అద్దంలా చేయించుకొని వచ్చారు. ముఖం చూసుకొనవచ్చు, అంత మెరుపు. కాని గుడ్డ చక్రం వేగంగా తిరిగి రెక్కల అంచులన్నిటినీ గుండ్రంగా తినివేసినది, ఒక రెక్కను రెండవదాని కంటె ఎక్కువగా తినివేసినది. అది బిగించినా పడవ వణుకు తగ్గలేదు. మెరుపు వేరు, నునుపు వేరు. చిన్న నమూనాలలో ఒక హద్దు దాటిన తరువాత నునుపు పెంచినందువల్ల లాభం స్వల్పం. పరీక్షశాలలలో కొన్ని పరిశోధనల కోసం నమూనా రెక్క ముందు అంచున కావాలనే సన్నని గరుకు పొడిని అంటించే సందర్భాలు కూడ ఉన్నవి, పెద్ద ఓడ దగ్గర నీటి ప్రవాహం ఎట్లా ఉంటుందో చిన్నదానిలోను అట్లాగే ఉండడానికి. అంచు విషయమూ అంతే. సగం రెక్క గాలిలో, సగం నీటిలో ఉండి దూసుకుపోయే పందెపు పడవల రెక్కలకు ముందు అంచు కత్తిలా ఉండాలి. పూర్తిగా మునిగి తిరిగే మా మంజీర వంటి పడవకు ముందు అంచు సన్నగా, కాని గుండ్రంగా ఉండాలి. పుస్తకం చదువకుండ ఆకురాయి పట్టినా చెడుతుంది, ఆకురాయి పట్టకుండ పుస్తకం చదివినా చెడుతుంది.

పనిలో పనిగా ఒక హెచ్చరిక. విదేశాలలో పందెపు పడవలకు వాడే ఆక్టూరా వంటి పేరున్న ప్రొపెల్లర్లు బెరీలియం కలిసిన రాగితో పోసినవి. పోత పోసినవి పోసినట్లే అమ్మగా, కొన్నవారే అంచు తీసి, తూకం చూసి, నునుపు చేసుకొంటారు. బెరీలియం ధూళి ఊపిరితిత్తులకు తీరని జబ్బు తెస్తుంది. ఎవరైనా అటువంటివి తెప్పించి పొడి ఆకురాయితో రాయరాదు. మనకు ఇత్తడి చాలును. అదైనా తడిపి రాయాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

ప్రొపెల్లరు తిరిగి బిగించిన రోజున పడవ వణకలేదు. వేగం ఎంత పెరిగినదో నేను గడియారం పెట్టి చూడలేదు, చూడనిది చెప్పను. కీచు ధ్వని పోయి, వెనుక తెల్లని నురుగు సన్నని గీతగా వచ్చినది. గట్టు మీద పిల్లలు కేకలు వేశారు. ఆ పిల్లవాడు మాత్రం కేక వేయలేదు. చెవి ఒగ్గి విన్నాడు.

తరువాత ప్రదర్శన. దరఖాస్తులో జట్టు సభ్యులకు నాలుగు గడులు, మార్గదర్శకుడికి ఒక గడి. నలుగురి పేర్లు ముందే నిండి ఉన్నవి. మార్గదర్శకుడన్న గడిలో నేను నా పేరు రాసుకొన్నాను. అధ్యాపకుడి పేరే రాయాలని అక్కడ ఎవరూ నియమం పెట్టలేదు. నా చేతికి అలవాటుగా నా పేరు వచ్చినది. తండ్రి పేరు లేదు, కొడుకు పేరు లేదు. ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు రంగు బాగున్నదన్నారు, రేడియో పెట్టె ఎక్కడ కొన్నారని అడిగారు, రెండు భాషలలో పేరు రాయడం మెచ్చుకొన్నారు. ఒక్కరూ పడవను తిరగేసి చూడలేదు. మాకు వచ్చిన ప్రశంసాపత్రం చట్రంలో బిగించి గోడకు తగిలించి ఉన్నది. నా పేరు దాని మీద ఉన్నది. ఆ గది ముందు నుండి పోయినప్పుడల్లా నాకు ఆ కత్తుల అంచుల మీద కిందికి దిగిన రెక్క జ్ఞాపకం వస్తుంది.

ఈ సంగతి కమిటీ పెద్దలలో ఒకరితో ప్రస్తావించి, కళాశాలలో చిన్న పని బల్ల ఒకటి పెట్టించి చేతిపనివారిని పిలిపించి నేర్పిద్దామన్నాను. ఆయన చెప్పిన జవాబు గౌరవింపదగినది. "లెక్చరర్ సాబ్, మా తాతల చేతులు నల్లబడినవి చాలదా? పిల్లలు ఆకురాయి నుండి తప్పించుకొనడానికే గదా మనం కళాశాల పెట్టినది? మళ్ళీ వారి చేతికి ఆకురాయే ఇస్తారా?" అన్నారు. ఆ మాటలో తరాల బాధ ఉన్నది. అల్యూమినియం, స్టీలు పాత్రలు వచ్చిన తరువాత కళాయి వృత్తి ఎంత ఎండిపోయినదో మన ఇళ్ళలో తెలియనివారు లేరు. కొడుకును కళాయి మూట మోయమని నేను అనను, ఆ తండ్రి అసలే అనరు. కాని వృత్తి ఎండినంత మాత్రాన చేతి విద్యకు విలువ పోలేదు. నేడు బడులలో అటల్ ప్రయోగశాలల ద్వారా త్రీడీ ముద్రణ యంత్రాలు వచ్చినవి. హైదరాబాదులో 2023లో టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం తెరిచారు. ఆ యంత్రం ప్రొపెల్లరును గంటలలో ముద్రించి ఇస్తుంది. అయితే సాధారణంగా మిల్లీమీటరులో పదవ వంతు నుండి పదింట మూడు వంతుల మందం గల పొరలు పొరలుగా పేర్చి ఇస్తుంది. రెక్క మీద మెట్లు మెట్లుగా గీతలు మిగులుతవి. ఆ మెట్లను తీసి, వంపు చెడకుండ నునుపు చేయవలసినది మళ్ళీ వాటర్ పేపరే, మళ్ళీ బొటనవేలి గోరే. యంత్రం ఎంత కొత్తదైనా ఈ చివరి గంట పని మనిషిదే.

అందువల్ల కమిటీ వారికి నా విన్నపం పెద్దది కాదు. విజ్ఞాన శాఖ వరండాలో ఒక వైసు, నాలుగు ఆకురాళ్ళు, కొన్ని కాగితాలు, సమమట్టంగా బిగించిన రెండు కత్తులు. ఒక సభకు పూలదండలకయ్యే ఖర్చు దీనికి మించి ఉండవచ్చు. మన సొంత ప్రదర్శనలో ఏ పడవకైనా, ఏ యంత్రానికైనా మార్కులు వేసే ముందు తిరగేసి చూడాలన్న నియమం. మూడవది కొంచెం కష్టం. అతిథి ఉపన్యాసకులకు మనం ఇచ్చే పారితోషికం ఎంతో, చేతిపని నేర్పడానికి వచ్చే ఉస్తాదుకు కూడ అంతే ఇవ్వాలి, వోచరులో "కూలి" అన్న పద్దు కింద కాక "ఉపన్యాసం" అన్న పద్దు కిందనే. పద్దు మార్చడానికి ఏ ఆడిటరూ అడ్డు చెప్పడని నా ఆశ. ఉర్దూలో పనితనాన్ని మెచ్చుకొంటూ "హాథ్ మే సఫాయి హై" అంటాము. ఒక్క అక్షరం మార్చి "హాథ్ కీ సఫాయి" అంటే గారడీ విద్య అవుతుంది. నా ప్రశంసాపత్రంలో ఉన్నది ఆ రెండవ రకం సఫాయి.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు ఆ పిల్లవాడి అనుమతి అడిగినాను. పేరు, ఊరు రాయవద్దన్నాడు. తండ్రి సంగతి రాయవచ్చా అంటే కొంతసేపు ఆలోచించి, "రాయండి సార్, ఆ కత్తుల సంగతి మాత్రం సరిగా రాయండి. మట్టం కుదరకపోతే తూకం తప్పు చూపిస్తుంది" అన్నాడు. వారింటికి వెళ్ళి ఆయనను కూడ అడిగినాను. కళాశాలకు వచ్చి పిల్లలకు ఒక పూట చూపిస్తానని ఒప్పుకొన్నారు. వేదిక మీద కుర్చీ వేయిస్తాము భాయి సాబ్ అన్నాను. కుర్చీ వద్దన్నారు. నేలమీద కూర్చుంటేనే చేయి ఆడుతుందట. చాప ఒకటి, వెలుతురు వచ్చే కిటికీ ఒకటి చూసి పెట్టమన్నారు.